శామ్యూల్ బి. రాబర్ట్స్ కేసు: మైన్ తగిలిన ఫ్రిగేట్ ఎందుకు మునగలేదు

1988 ఏప్రిల్ 14 సాయంత్రం పర్షియన్ గల్ఫ్ నడిమధ్య అమెరికా నౌకాదళపు గైడెడ్ మిసైల్ ఫ్రిగేట్ (క్షిపణులున్న మధ్యస్థాయి యుద్ధనౌక) శామ్యూల్ బి. రాబర్ట్స్ కింద ఒక మైన్, అంటే ఓడల కోసం నీళ్లలో వదిలిన బాంబు, పేలింది. ఓడకు వెన్నెముకలాంటి కీల్ విరిగింది. ఇంజిన్ రూమ్ చూస్తుండగానే నిండిపోయింది. మంట పొగగొట్టం మీదుగా పైకి లేచింది. కాగితం మీద లెక్కేస్తే ఆ రాత్రి తెల్లారేసరికి ఓడ సముద్రం అడుగున ఉండాలి. మునగలేదు, ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ తర్వాత మరమ్మతు చేయించుకుని ఇంకో పాతికేళ్లు సర్వీసులో ఉంది.

ఓడ సిబ్బందికి మంటలు, లీకులు అదుపు చేయడం నేర్పే పనిలో ఉన్నవాళ్లు ఈ కేసును తప్పకుండా చెబుతారు. చాలామంది దీన్ని సాహసగాథలా చెప్పి వదిలేస్తారు. సాహసం ఉంది, కాదనను. కానీ నా దృష్టిలో ఇది నీళ్ల లెక్క. బయటి నుంచి వచ్చే నీళ్లెన్ని, మంట మీద మనమే పోస్తున్న నీళ్లెన్ని, అవి ఓడలో ఏ ఎత్తులో నిలుస్తున్నాయి? ఈ మూడింటినీ ఆ సాయంత్రం సరిగ్గా చూసుకున్నారు కాబట్టే ఓడ దక్కింది. కేసును ఆ కోణం నుంచే చెబుతాను.

ఓడ ఎలాంటిది

రాబర్ట్స్ ఆలివర్ హజార్డ్ పెర్రీ తరగతి ఫ్రిగేట్. 1970లలో అమెరికాకు ఓడల సంఖ్య కావాలి, డబ్బు మాత్రం పరిమితం. అప్పటి అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎల్మో జుమ్వాల్ట్ కొన్ని ఖరీదైన ఓడలు, ఎక్కువ చవక ఓడలు కలిపి కడదామన్నారు. ఆ చవక వైపు నుంచి పుట్టినవి పెర్రీలు. మొదటిది 1977 డిసెంబరులో దళంలో చేరింది. అమెరికా తన కోసం 51 కట్టుకుంది, ఆస్ట్రేలియా, స్పెయిన్, తైవాన్‌ల కోసం కట్టినవి కలిపితే మొత్తం 71.

చవక అనే మాట ఓడలో ఎక్కడెక్కడ కనిపిస్తుందో చూడాలి. ప్రొపెల్లర్ ఒక్కటే, దాన్ని ఇంజిన్‌తో కలిపే షాఫ్టూ ఒక్కటే. దాన్ని తిప్పేవి రెండు ఎల్ఎం2500 గ్యాస్ టర్బైన్లు. రెండూ ఒకే ఇంజిన్ రూమ్‌లో పక్కపక్కనే ఉంటాయి. అంటే ఒక్క దెబ్బకు రెండూ పోవచ్చు. అడుగు భాగం ఉక్కు, పై కట్టడం అల్యూమినియం. అల్యూమినియం తేలిక, కాబట్టి ఓడ బరువు పైకి చేరదు. కానీ మంట తగిలితే ఉక్కు కంటే చాలా ముందే మెత్తబడుతుంది, వంగే చోట పగులుతుంది. నిండుగా సరుకెక్కిస్తే ఓడ బరువు 4,100 టన్నులు. ముందు డెక్ మీద ఒంటి చేతి మార్క్ 13 లాంచర్, దాని కింద 40 క్షిపణులు. 76 మిల్లీమీటర్ల ఫిరంగి ఓడ నడుము మీద ఉంటుంది.

ఈ తరగతి గురించి నౌకాదళంలో అప్పుడే గుసగుసలున్నాయి. ఒక్క దెబ్బ తగిలితే ఇక అంతే అనేవాళ్లు. నేను వాళ్లను పూర్తిగా తప్పుపట్టను. ఒంటి షాఫ్ట్ ఓడలో పనిచేసినవాళ్లకు ఆ టెన్షన్ తెలుసు. అయితే డిజైనర్లు ఒక మంచి పని చేశారు. ముందు భాగంలో, ఓడ అడుగున, అవసరమైనప్పుడు కిందికి దించుకోగలిగే రెండు చిన్న ఎలక్ట్రిక్ ప్రొపెల్లర్లు పెట్టారు. ఒక్కోటి 350 హార్స్ పవర్. రేవులో ఓడను అటూ ఇటూ జరుపుకోవడానికి ఉద్దేశించినవి. ఇవి తర్వాత మళ్లీ వస్తాయి.

రాబర్ట్స్‌ను మెయిన్ రాష్ట్రంలోని బాత్ ఐరన్ వర్క్స్ కట్టింది. 1986 ఏప్రిల్ 12న దళంలో చేరింది. మొదటి కెప్టెన్ కమాండర్ పాల్ రిన్. పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ ద్వీపం దగ్గర 1942లో చనిపోయిన ఒక పడవ నడిపే నావికుడి పేరు ఈ ఓడకు పెట్టారు. అదే పేరుతో అంతకు ముందు ఉన్న ఒక చిన్న ఎస్కార్ట్ ఓడ 1944 అక్టోబరు 25న ఫిలిప్పీన్స్ దగ్గర జరిగిన సమార్ యుద్ధంలో తనకంటే ఎన్నో రెట్లు పెద్దవైన జపాన్ ఓడలకు ఎదురెళ్లి మునిగిపోయింది. ఆనాటి సిబ్బంది పేర్లు చెక్కిన కంచు పలక కొత్త రాబర్ట్స్ లోపల తగిలించి ఉండేది. మైన్ పేలిన రాత్రి అటుగా పరుగెత్తిన నావికులు ఆ పలకను చేత్తో తాకుతూ వెళ్లారని రిన్ తర్వాత చాలాసార్లు చెప్పారు. ఇలాంటి విషయాలను నేను తేలిగ్గా తీసుకోను. ఓడకు ఒక చరిత్ర ఉందని నమ్మే సిబ్బంది డ్రిల్ కూడా శ్రద్ధగానే చేస్తారు.

పదకొండు నెలల ముందు: స్టార్క్

రాబర్ట్స్ కేసును ఒంటరిగా చదవడం సరికాదు. పక్కనే స్టార్క్ ఫైలు పెట్టుకోవాలి. అదే పెర్రీ తరగతి, అదే గల్ఫ్. 1987 మే 17 రాత్రి ఒక ఇరాకీ విమానం స్టార్క్ మీదికి రెండు ఎక్సోసెట్ క్షిపణులు వదిలింది. ఇరాన్-ఇరాక్ యుద్ధం నడుస్తున్న కాలమది. ఇరాక్ అమెరికాకు శత్రువు కాదు కాబట్టి వస్తున్న విమానాన్ని చూసినా ఎవరూ పెద్దగా ఉలిక్కిపడలేదు. చివరి రక్షణ కోసం ఉన్న ఫాలాంక్స్ గన్ ఆటోమేటిక్‌లో లేదు. రాడార్ కన్నా ముందు కాపలా నావికుడి కంటికే క్షిపణి కనిపించింది. అప్పటికి మిగిలింది సెకన్లే.

మొదటి క్షిపణి వార్‌హెడ్ పేలలేదు. చాలామంది ఈ మాట విని హమ్మయ్య అనుకుంటారు, అక్కడే పొరబడతారు. క్షిపణిలో మిగిలిపోయిన రాకెట్ ఇంధనం నావికులు పడుకునే గదుల్లో చిమ్మి మండింది. దానికి బయటి గాలి కూడా అక్కర్లేదు, ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. రెండోది అదే చోట తగిలి పేలింది. 37 మంది చనిపోయారు.

ఆ రాత్రి స్టార్క్ సిబ్బంది పడ్డ పాట్లలో రెండు మా వృత్తికి పాఠ్యపుస్తకాలే అయ్యాయి. ఒకటి, మంటల్లోకి వెళ్లేవాళ్లు తొడుక్కునే శ్వాస పరికరాలకు డబ్బాలు చాలలేదు. మనిషి సిద్ధం, గొట్టం సిద్ధం, లోపలికి వెళ్తే పీల్చడానికి గాలి లేదు. రెండోది ఇంకా ముఖ్యం. మంట ఉన్నది పై డెక్కుల్లో. దాని మీద పోసిన నీళ్లు కిందికి పోయే దారి లేక అక్కడే నిలిచాయి. ఓడ ఒక పక్కకు ఒరగడం మొదలైంది. చివరికి నీళ్లు బయటికి పోవడానికి సిబ్బందే దారులు చేయాల్సి వచ్చింది. స్టార్క్‌ను మంట ఒక్కటే చంపబోలేదు, మంటార్పే నీళ్లు కూడా చంపబోయాయి.

ఇది కొత్త సంగతేం కాదు. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో నార్మండీ అనే భారీ ప్రయాణికుల నౌకకు నిప్పంటుకుంటే, ఆర్పడానికి పోసిన నీళ్ల బరువుకే అది పక్కకు పడిపోయింది. మన ముంబైలో 2011 జనవరి చివర ఒక సరుకు ఓడ ఢీకొని వింధ్యగిరి ఫ్రిగేట్‌లో మంటలు లేచాయి. గంటల తరబడి ఆర్పిన తర్వాత అది రేవులోనే మునిగింది. రేవులో కట్టేసి ఉన్న ఓడకే ఇంత జరిగితే సముద్రం మధ్య సంగతి చెప్పక్కర్లేదు.

స్టార్క్ నివేదికలు రాబర్ట్స్ చేతికి వచ్చాయి. గల్ఫ్‌కు వెళ్లబోతున్న ప్రతి పెర్రీకీ అవి అందాయి. తేడా ఏంటంటే రిన్ వాటిని చదివి బీరువాలో పెట్టలేదు. మంట, వరద, చీకటి డ్రిల్స్‌ను సిబ్బందికి విసుగొచ్చేదాకా చేయించారు. కళ్లు మూసుకుని కూడా తన చోటు నుంచి పై డెక్ దాకా దారి పట్టుకోగలగాలన్నది ఆ ఓడలో నియమం. విసుగు పుట్టని డ్రిల్ వల్ల పెద్దగా లాభం ఉండదని నా అనుభవం. ఆలోచించకుండా చేతులు కదిలే స్థితికి రావాలంటే విసుగు దాటే వెళ్లాలి.

ఆ సాయంత్రం

1987 వేసవి నుంచి అమెరికా కువైట్ ట్యాంకర్లకు తన జెండా తగిలించి కాపలా కాస్తోంది. ఎర్నెస్ట్ విల్ అని ఆ ఆపరేషన్ పేరు. మొదటి కాన్వాయ్‌లోనే, జూలై 24న, బ్రిడ్జ్‌టన్ అనే ట్యాంకర్ మైన్ మీదికెళ్లింది. సెప్టెంబరులో ఇరాన్ అజర్ అనే ఇరానీ ఓడ రాత్రిపూట మైన్లు వదులుతుండగా అమెరికన్లు పట్టుకున్నారు. కాబట్టి మైన్లున్నాయని అందరికీ తెలుసు, ఎక్కడున్నాయన్నదే తెలియదు.

1988 ఏప్రిల్ 14న రాబర్ట్స్ ఒక సరఫరా ఓడను కలుసుకోవడానికి వెళ్తోంది. ముందు భాగంలో కాపలా ఉన్న నావికుడు నీళ్లలో తేలుతున్న నల్లటి వస్తువులు చూశాడు. బైనాక్యులర్‌తో చూస్తే కొమ్ములు కనిపించాయి. రిన్ ఓడను ఆపించి జనరల్ క్వార్టర్స్ అలారం కొట్టించారు. అంటే అందరూ యుద్ధ స్థానాలకు పరుగెత్తడం, నీళ్లు చొరబడని తలుపులన్నీ బిగించడం. పేలుడుకు ముందే తలుపులు మూతపడ్డాయి. మొత్తం కేసులో నాకు అన్నిటికంటే విలువైన నిమిషాలు ఇవే. పేలుడు తర్వాత తలుపు మూయాలంటే చౌకట్టు వంగిపోయి ఉంటుంది, మూసేవాడు కింద పడి ఉంటాడు.

వచ్చిన దారినే, తన జాడలోనే, వెనక్కి వెళ్లాలని రిన్ నిర్ణయించారు. వెనక్కి పోతుండగా కనిపించని మరో మైన్ ఇంజిన్ రూమ్ కింద పేలింది. అది ఎం-08 రకం, 1908 నాటి రష్యన్ డిజైన్, దాదాపు 115 కిలోల మందు. ఎనభై ఏళ్ల పాత డిజైన్ ఆధునిక యుద్ధనౌకను విరిచేసింది. మైన్ల విషయంలో ఇదేం వింత కాదు, అవి పాతబడవు.

అడుగున 15 అడుగులకు తక్కువ కాని రంధ్రం పడింది. రెండు టర్బైన్లూ దిమ్మెల మీంచి లేచిపోయాయి. ఇంజిన్ రూమ్, దాని వెనక ఉన్న మూడో సహాయక యంత్రాల గది నీళ్లతో నిండాయి. మంట పొగగొట్టం గుండా బంతిలా పైకి చిమ్మింది. పది మంది గాయపడ్డారు, వాళ్లలో నలుగురికి కాలిన గాయాలు తీవ్రం. ఓడంతా చీకటి. వెనక భాగం నీళ్లలోకి దిగడం మొదలైంది.

లెక్క

ఇక్కడ కాస్త ఆగి అంకెలు చూద్దాం. ఇవి ఆ ఓడ రికార్డుల నుంచి తీసినవి కావు, క్లాసులో వేసే ఉజ్జాయింపు లెక్కలు.

నీటిమట్టానికి 3 మీటర్ల లోతున రంధ్రం ఉంటే నీళ్లు సెకనుకు ఏడున్నర మీటర్ల వేగంతో దూసుకొస్తాయి. 15 అడుగుల రంధ్రం మీద ఇక మనం చేయగలిగేది ఏమీ లేదు. ఆ గది పోయినట్టే. అప్పుడు అడగాల్సిన ప్రశ్న పక్క గది ఎలా ఉందని. అడ్డుగోడలో ఒక మీటరు పొడవున, రెండు సెంటీమీటర్ల వెడల్పున పగులు వచ్చిందనుకోండి. చూడ్డానికి అదో గీత. అవతల వైపు అదే 3 మీటర్ల నీళ్లుంటే ఆ గీతలోంచి నిమిషానికి సుమారు ఐదున్నర టన్నుల నీళ్లు వస్తాయి. అప్పట్లో అమెరికా ఓడల్లో ఉండే పీ-250 అనే మోసుకెళ్లే పంపు, పేరుకు తగ్గట్టే, నిమిషానికి 250 గ్యాలన్లు తోడుతుంది. టన్ను కంటే కాస్త తక్కువ. అంటే ఐదు పంపులు పెట్టినా ఓడిపోతున్నట్టే.

ఇప్పుడు ఆ పగులులో గుడ్డలు కుక్కి, మీద పలక పెట్టి, దుంగలతో ఆనించి పదింట తొమ్మిది వంతులు మూశారనుకోండి. వచ్చేది అర టన్ను, ఒక్క పంపు చాలు. నూటికి నూరు మూయనక్కర్లేదు. కొత్తవాళ్లు చుక్క కారకుండా మూయాలని ఒకే చోట కూర్చుని గంట తినేస్తారు. ఈలోపు పక్కన ఇంకో పగులు గది నింపేస్తుంది.

ఇప్పుడు మంట వైపు చూద్దాం. ఒకటిన్నర అంగుళాల గొట్టం ఒకటి నిమిషానికి 95 గ్యాలన్లు, అంటే 360 లీటర్లు పోస్తుంది. నాలుగు గొట్టాలు గంటసేపు నడిస్తే 86 టన్నులు. అది అడుగుకు పోతే బరువు పెరుగుతుంది, అంతే. పై డెక్‌లో వెడల్పాటి గదిలో నిలిస్తే ఇంకో ప్రమాదం. పళ్లెంలో నీళ్లు పోసి నడుస్తుంటే ఏ వైపు వంగితే ఆ వైపుకే నీళ్లన్నీ పరుగెడతాయి కదా, అలాగే ఓడ ఒరిగిన వైపుకే నీళ్లు చేరి ఇంకా ఒరగదీస్తాయి. 10 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న గదిలో నీళ్లు స్వేచ్ఛగా కదులుతుంటే 4,100 టన్నుల ఓడ నిలకడలో (ఒరిగాక తిరిగి నిటారుగా లేచే శక్తి, దీన్ని మీటర్లలో కొలుస్తారు) సుమారు 36 సెంటీమీటర్లు కోత పడుతుంది. ఈ పరిమాణపు ఓడకు ఆ నిలకడ కొలత మొత్తం ఉండేదే ఒక మీటరుకు అటూ ఇటూ. అదే గది మధ్యలో ఓ గోడ ఉంటే కోత 9 సెంటీమీటర్లకు పడిపోతుంది, ఎందుకంటే వెడల్పు ఘనం లెక్కలో దెబ్బ తీస్తుంది. ఇంకో సంగతి, లోతుతో దీనికి పెద్దగా సంబంధం లేదు. చీలమండల దాకా ఉన్న నీళ్లు చాలు.

గొట్టం ఆపడం

రాబర్ట్స్‌లో మంట లోపల, అడుగున ఉంది. పైనుంచి నీళ్లు పోస్తున్నారు. రెండు గదులు అప్పటికే పోయాయి. వాటి ముందున్న రెండో సహాయక యంత్రాల గది అడ్డుగోడ పగిలి నీళ్లు చిమ్ముతోంది. అది కూడా పోతే ఓడ దక్కదు. వెనక డెక్ నీటిమట్టానికి దగ్గరవుతోంది. రిన్ అప్పుడు మంట మీద పోరు పక్కన పెట్టి ముందు ఆ అడ్డుగోడను కాపాడమన్నారు.

చెప్పడానికి ఇది చిన్న మాట. చేయడానికి ఎంత కష్టమో మంట ముందు నిలబడినవాళ్లకు తెలుసు. మంట కనిపిస్తుంది, వేడి తగులుతుంది, పొగ ఊపిరాడనివ్వదు. ఒంట్లో ప్రతి కణమూ దాని మీద నీళ్లు పోయమంటుంది. నీళ్లు మాత్రం చప్పుడు లేకుండా, వెలుగు లేకుండా పెరుగుతాయి. పైగా ఆ ఓడలో మంటకు పైన నడుము మీద ఫిరంగి, దాని మందుగుండు ఉన్నాయి. మంటను వదిలితే అది పేలొచ్చు. రిన్ ముందున్నది మంచి చెడుల మధ్య ఎంపిక కాదు. రెండూ చావు దారులే. ఏది ముందు చంపుతుందన్నదే ప్రశ్న. నీళ్లే ముందు చంపుతాయని ఆయన లెక్క. మందుగుండును చేతులు మారుస్తూ మంటకు దూరంగా తరలించారు, అడ్డుగోడ దగ్గర మనుషులను పెంచారు.

అడ్డుగోడ దగ్గర పనిచేసిన బృందాన్ని ముందుండి నడిపించినవాళ్లలో ఒకరు వంటశాల విభాగం నావికుడు. ఇది విని నవ్వేవాళ్లను చూశాను. మన ఓడల్లోనూ అంతే, డ్యామేజ్ కంట్రోల్ (మంటలు, లీకులు అదుపు చేసే) బృందంలో సగం మంది రోజువారీ పని వేరే ఉంటుంది. వంటవాడు, గుమస్తా, స్టోర్‌కీపర్. ఇంజనీర్లు ఇంజిన్ రూమ్‌లో ఉంటారు, మైన్ తగిలేదీ అక్కడే. కాబట్టి గోడను నిలబెట్టేది చివరికి వంటవాడే. గుడ్డలు, పరుపులు, దిండ్లు, ఏది దొరికితే అది పగుళ్లలో కుక్కి దుంగలు, చీలలు బిగించారు. గది నిలిచింది.

ఆ తర్వాత మళ్లీ మంట సంగతి. ఈసారి వట్టి నీళ్లు కాకుండా నురుగు, అది కూడా మంట మూలానికి తగిలే దారి వెతికి పోశారు. అలా దాదాపు ఐదు గంటలు పోరాడాక పరిస్థితి చేతికి వచ్చింది.

తీగలు, చిన్న ప్రొపెల్లర్లు

కీల్ విరిగిన ఓడకు నడుము ఉండదు. అలల మీద వంగుతుంటే ఆ భారమంతా పై కట్టడం మీద పడుతుంది. అల్యూమినియం కట్టడంలో పగులు వచ్చింది, ఓడ ఊగినప్పుడల్లా అది నోరు తెరుస్తోంది. సిబ్బంది పగులుకు అటూ ఇటూ ఉక్కు తీగలు కట్టి బిగించారు. ఆ తీగలు 4,000 టన్నుల ఓడను కలిపి ఉంచాయని ఎవరైనా అంటే అది అతిశయోక్తి. డెక్ పలకలు, మిగిలిన ఉక్కు ఆ పని చేశాయి. తీగలు చేసింది పగులు ఇంకా పాకకుండా ఆలస్యం చేయడం. ఆ రాత్రికి అదే చాలు.

ఓడ ఇంకా మైన్ల మధ్యే ఉంది. పెద్ద ప్రొపెల్లర్ తిరగదు. అప్పుడే రేవు పనికి పెట్టిన ఆ రెండు చిన్న ఎలక్ట్రిక్ ప్రొపెల్లర్లను కిందికి దించారు. మిగిలిన జనరేటర్ల మీద కరెంటు తెచ్చుకుని నాలుగైదు నాట్ల (గంటకు సుమారు ఏడు నుంచి తొమ్మిది కిలోమీటర్ల) వేగంతో మెల్లగా బయటపడ్డారు. పెర్రీలను తిట్టేవాళ్లు ఈ ఒక్క భాగం గురించి మాట్లాడరు. డబ్బు మిగిల్చిన డిజైన్‌లో ఎవరో ఒకరు దెబ్బతిన్న ఓడను కూడా ఊహించి ఉండాలి, లేదా కేవలం రేవు గురించే ఆలోచించి ఉండాలి. ఏదైనా పనికొచ్చింది. రెండు రోజులకు ఓడ దుబాయ్ చేరింది.

అదృష్టం కూడా

నిజాయితీగా కేసు చదివితే కలిసొచ్చినవి కూడా రాయాలి. పేలుడు జరిగినప్పుడు ఇంకా వెలుతురుంది. జనరల్ క్వార్టర్స్ ముందే అయిపోయింది, ఎందుకంటే మొదటి మైన్లను కన్ను పట్టుకుంది. అదే రాత్రి పూట, అందరూ నిద్రలో ఉండి, తలుపులు తెరిచి ఉంటే కథ వేరు. ఏప్రిల్ గల్ఫ్ కాబట్టి ఉత్తర అట్లాంటిక్ శీతాకాలపు అలలు లేవు. కీల్ విరిగిన ఓడ అక్కడ తెల్లారేదాకా నిలిచేదని నేను అనుకోను. మందు 115 కిలోలే. ఓడ అడుగు నుంచి కాస్త దూరంగా పేలే పెద్ద మైన్ అయితే గ్యాస్ బుడగ ఓడను పైకెత్తి రెండు ముక్కలు చేస్తుంది. అప్పుడు దిండ్లు కుక్కడానికి గోడే ఉండదు.

అందుకే స్టార్క్ సిబ్బంది తక్కువ, రాబర్ట్స్ సిబ్బంది ఎక్కువ అనే పోలిక నాకు నచ్చదు. స్టార్క్ వాళ్లు నిద్రలో ఉండగా తగిలింది, మనుషులు పోయారు, నీటి గొట్టం లైనే తెగింది. అయినా ఓడను బహ్రెయిన్ చేర్చారు. వాళ్లు రాత్రంతా నేర్చుకున్నదాన్ని రాబర్ట్స్ వాళ్లు ముందే చదువుకున్నారు.

పేలుడు తర్వాత

నాలుగు రోజులకు, ఏప్రిల్ 18న, అమెరికా ప్రేయింగ్ మాంటిస్ పేరుతో ఇరాన్ మీద ఎదురుదాడి చేసింది. సస్సాన్, సిర్రి చమురు వేదికలను ధ్వంసం చేశారు. ఇరాన్ ఫ్రిగేట్ సహంద్ మునిగింది, సబలాన్ దెబ్బతింది, జోషన్ అనే క్షిపణి పడవ మునిగింది. ఒక అమెరికన్ కోబ్రా హెలికాప్టర్ కూలి ఇద్దరు మెరైన్లు చనిపోయారు. రాబర్ట్స్ చుట్టుపక్కల దొరికిన మైన్ల మీది నంబర్లు ఇరాన్ అజర్‌లో దొరికిన మైన్ల నంబర్ల వరసలోనే ఉన్నాయన్నది అమెరికా వాదన. ఇది అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2003 నవంబరు 6న తీర్పు వచ్చింది. వేదికల మీద దాడులు అమెరికా చెప్పిన భద్రతా కారణాలతో సమర్థనీయం కావని కోర్టు చెప్పింది, ఇరాన్ అడిగిన పరిహారాన్ని కూడా తిరస్కరించింది. మైన్ విషయంలో సాక్ష్యం ఇరాన్ వైపు గట్టిగా చూపిస్తున్నా నిర్ధారణకు చాలదంది.

మరమ్మతు కథ ఇంజనీర్లకు పండగ. ఓడను లాక్కెళ్లడం ప్రమాదం. మైటీ సర్వెంట్ 2 అనే డచ్ ఓడ సగం మునిగి, రాబర్ట్స్‌ను తన వీపు మీదికి ఎక్కించుకుని, పైకి తేలి, జూన్ చివర గల్ఫ్ నుంచి బయల్దేరింది. జూలై చివరకు న్యూపోర్ట్ చేరింది. ఆ ప్రయాణానికి అయిన ఖర్చు సుమారు 13 లక్షల డాలర్లు. ఆ తర్వాత పోర్ట్‌లాండ్‌లోని డ్రై డాక్‌లో బాత్ ఐరన్ వర్క్స్ పాడైన ఇంజిన్ రూమ్ భాగాన్ని అతుకులేసి బాగుచేయకుండా మొత్తంగా కోసి తీసేసింది. 315 టన్నుల కొత్త భాగాన్ని విడిగా కట్టి, అడుగు నుంచి జరిపి, పైకి లేపి వెల్డింగ్ చేశారు. మొత్తం ఖర్చు 8.95 కోట్ల డాలర్లు. స్టార్క్‌కు 14.2 కోట్లు అయింది.

నా లెక్కలో ఈ కోసి అతకడం ఆ రాత్రి పోరాటానికి సాటి. కీల్ విరిగిన ఓడను సర్వేయర్లు సాధారణంగా తుక్కుకు రాస్తారు. ఇక్కడ ఓడను మొదట కట్టిన షిప్‌యార్డే చేయడం కలిసొచ్చింది. డ్రాయింగులు, భాగాలను సరిగ్గా పట్టి ఉంచే జిగ్‌లు, అదే తరగతి మీద పనిచేసిన వెల్డర్లు అక్కడే ఉన్నారు.

తర్వాతి పాతికేళ్ల గురించి చెప్పడానికి తక్కువే ఉంది. 1990లో జాన్ ఎఫ్. కెన్నెడీ విమాన వాహక నౌక బృందంతో మళ్లీ యుద్ధానికి వెళ్లింది. ఆ తర్వాత ఫ్లోరిడాలోని మేపోర్ట్ స్థావరం, మామూలు గస్తీలు. 2000లలో పెర్రీల నుంచి మార్క్ 13 లాంచర్ తీసేశారు. అది వేసే క్షిపణి పాతబడింది, దాన్ని పోషించడం దండగ అనుకున్నారు. అలా గైడెడ్ మిసైల్ ఫ్రిగేట్‌కు మిసైల్ లేకుండా పోయింది. చివరి ఏళ్లలో కరీబియన్‌లో మాదక ద్రవ్యాల పడవల వేట పెర్రీల ప్రధాన పని. 2015 మే 22న రాబర్ట్స్‌ను సర్వీసు నుంచి తప్పించారు. అదే ఏడాది సెప్టెంబరులో సింప్సన్ అనే పెర్రీ కూడా వెళ్లిపోవడంతో అమెరికా దళంలో పెర్రీలు అయిపోయాయి. ప్రేయింగ్ మాంటిస్ రోజున జోషన్ మీద క్షిపణులు వదిలినవాటిలో సింప్సన్ ఒకటి.

క్లాసులో దీన్ని ఎలా వాడతాను

కథ ముందు చెప్పను. ముందు ఓడ నక్షా ఇస్తాను, రెండు గదులు ఎర్రగా రంగేసి. మూడో గది గోడ కారుతోంది, మంట ఇంకా ఉంది, మనుషులు ఇంతమంది, పంపులు ఇన్ని. మీరేం చేస్తారని అడుగుతాను. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ మొదటి జవాబు ఇంకో గొట్టం తీసుకురమ్మనడమే. సరే అని బోర్డు మీద ఆ గొట్టం పోసే టన్నులు కలుపుతాను. ఇంకోటి అంటారు, ఇంకా కలుపుతాను. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఓడ ఇప్పుడెంత ఒరిగిందని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చేదాకా నేను మాట్లాడను.

తర్వాత ట్యాంకులో పని. ఉక్కు గోడలో పగులు, అవతల నుంచి నీళ్లు, లైట్లు ఆర్పేసి ఉంటాయి. బృందం నాయకుడిగా ఇంజనీరును పెట్టను. స్టోర్‌కీపర్‌నో, వంటశాల నుంచి వచ్చినవాడినో పెడతాను. మొదటిసారి అందరూ ఒకే పగులు మీద పడతారు. రెండోసారి నుంచి ఒకడు టార్చి పట్టుకుని గోడంతా తడుముతూ తిరిగి, ఎక్కడెక్కడ కారుతోందో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, పెద్దదాని నుంచి మొదలుపెట్టమంటాడు. అప్పుడు పంపు స్విచ్ వేస్తాను.